పేషీ తప్పితే జైలేనా?

2002 ఆగస్టు 15. దేశమంతా జెండా ఎగరేసి మిఠాయిలు పంచుకుంటున్న రోజు. ముంబైలో ఒక న్యాయవాదిని నాన్‌బెయిలబుల్ వారంటు ఉందంటూ పోలీసులు పట్టుకుపోయారు. నిజానికి ఆ వారంటును ఇచ్చిన కోర్టే అంతకు కొద్ది రోజుల ముందు రద్దు చేసింది. ఆయన ఆ మాట చెప్పాడు. కానీ రద్దు చేసిన కాగితం చేతిలో లేదు. కాగితం లేని మాట ఠాణాలో చెల్లలేదు. స్వాతంత్ర్య దినం నాడు స్వేచ్ఛ పోగొట్టుకున్న ఆ మనిషి హైకోర్టు మెట్లెక్కితే, ఇన్‌స్పెక్టర్ తన సొంత డబ్బులోంచి 2 వేల రూపాయలు కట్టాలని తీర్పు వచ్చింది. ఇది చాలదని ఆయన సుప్రీంకోర్టుకు పోయాడు. 2011 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు ఆ డబ్బు పెంచలేదు. కానీ వారంటు ఎట్లా ఇవ్వాలి, ఎట్లా అమలు చేయాలి, రద్దయితే ఏం చేయాలి అన్నది దేశంలోని కోర్టులన్నింటికీ వరుసగా రాసిపెట్టింది.

ముంబై ముచ్చట మనకెందుకు అనుకోవద్దు. చట్టం చదివి, నల్లకోటు వేసుకుని, రోజూ కోర్టులోనే తిరిగే మనిషికే ఆ గతి పట్టింది. మరి పేషీ తారీఖు చీటీ మీద ఇంకొకరితో రాయించుకుని, ఆ చీటీ పోతే తారీఖే పోయినట్లు భావించే పాలమూరు కూలీ సంగతేమిటి? దుబాయి నుంచి రెండు నెలల సెలవు మీద వచ్చిన జగిత్యాల యువకుని సంగతేమిటి?

వారంటు అన్న మాట తెలంగాణకు కొత్త కాదు. ఉద్యమంలో పాల్గొన్న విద్యార్థికీ, సమ్మెలో కూర్చున్న ఉద్యోగికీ అది తెలిసిన మాటే. నినాదం ఒక్కరోజే ఇస్తాం, పేషీలకు మాత్రం ఏండ్లకేండ్లు తిరుగుతాం. బాబ్లీ ప్రాజెక్టు మీద నిరసన తెలపడానికి 2010 జులైలో సరిహద్దు దాటి మహారాష్ట్రకు పోయిన నాయకుల మీద కేసు పెట్టారు. ఎనిమిదేండ్లు గడిచాక, 2018 సెప్టెంబర్‌లో, నాందేడ్ జిల్లా ధర్మాబాద్ కోర్టు నుంచి వారంట్లు వచ్చాయి. అప్పటి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు పేరు కూడా అందులో ఉంది. 2011 అక్టోబర్ రైల్ రోకో కేసు ఒకటి కొట్టేయాలని తెలంగాణ మాజీ ముఖ్యమంత్రి కేసీఆర్ 2024లో హైకోర్టును ఆశ్రయించాల్సి వచ్చింది. పెద్దలకు పెద్ద లాయర్లు ఉంటారు. ఒక్క పిటిషన్‌తో వారంటు వెనక్కి పోతుంది. అదే రైలు పట్టాల మీద కూర్చున్న పేరులేని పిల్లగాడి తరఫున పిటిషన్ వేసేదెవరు?

రాష్ట్రం వచ్చింది కదా, ఉద్యమ కేసులు ఎత్తేశారు కదా అని చాలామంది నిశ్చింతగా ఉంటారు. ఇక్కడే మోసపోతారు. సర్కారు ఉత్తర్వు ఇచ్చినంత మాత్రాన కేసు పోదు. ప్రాసిక్యూటర్ కోర్టులో పిటిషన్ వేయాలి. కోర్టు సమ్మతించాలి. కేంద్ర చట్టాల కింద పెట్టిన కేసులకు కేంద్రం అనుమతి కావాల్సి ఉంటుంది. ఇవన్నీ పూర్తయ్యేదాకా కేసు కేసే, పేషీ పేషీయే. పేపర్లో 'కేసుల ఎత్తివేత' అని చదివి కోర్టుకు పోవడం మానుకున్న మనిషి తలుపును ఒకనాడు పొద్దున్నే పోలీసులు కొడతారు.

అసలు వారంటు అంటే ఏమిటి? అది పోలీసుల కాగితం కాదు, కోర్టు కాగితం. పోలీసులు తమంతట తాము చేసే అరెస్టు వేరు. వారంటు మీద చేసే అరెస్టు వేరు. రెండోదానిలో ఒక న్యాయాధికారి కేసు చదివి, ఆలోచించి, ఈ మనిషిని పట్టుకురావడం తప్ప వేరే దారి లేదని నమ్మి దస్కత్ చేస్తాడు. ఆ దస్కతే పౌరునికి రక్షణ. ఆలోచన లేకుండా దస్కత్ పడితే రక్షణ కూడా పోయినట్టే. వారంటు శిక్ష కాదు. నేరం రుజువైందని దాని అర్థం కాదు. కోర్టుకు రప్పించడానికి ఉన్న సాధనం, అంతే.

ఈ సాధనాన్ని ఎప్పుడు వాడాలో చట్టమే చెప్పింది. 2024 జులై 1 నుంచి పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత వచ్చింది. సెక్షన్ల నంబర్లు మారాయి, ఈ విషయంలో సారం మారలేదు. పాత 87, ఇప్పటి 90వ సెక్షన్ చూడండి. సమన్లు పంపాల్సిన చోట వారంటు పంపాలంటే కోర్టు ముందుగా కారణాలు రాతపూర్వకంగా నమోదు చేయాలి. సమన్లు పంపినా మనిషి రాలేదంటారా? అయితే సమన్లు సరిగ్గా అందాయని రుజువు కావాలి. రావడానికి వీలయ్యేంత ముందుగా అంది ఉండాలి. రాకపోవడానికి తగిన కారణం చూపకుండా ఉండాలి. ఈ మూడూ కలిస్తేనే వారంటు. బెయిలు మీద ఉన్న మనిషి పేషీ తప్పితే 92వ సెక్షన్ కింద వారంటు ఇవ్వవచ్చు. 'ఇవ్వవచ్చు' అన్నదే తప్ప 'ఇచ్చి తీరాలి' అని చట్టం అనలేదు. 'వారంటు కేసు' అన్న పేరు చూసి కూడా భయపడాల్సిన పని లేదు. రెండేండ్లకు మించి శిక్ష పడే నేరాలను అట్లా పిలుస్తారు. అటువంటి కేసులో కూడా తొలుత సమన్లే పంపే అధికారం మేజిస్ట్రేట్‌కు ఉంది.

వారంటులో రెండు రకాలు. బెయిలబుల్ వారంటు మీద ఎంత మొత్తానికి, ఎంతమంది జమానత్ ఇస్తే వదిలేయాలో, ఏ తారీఖున కోర్టుకు రావాలో కోర్టే రాస్తుంది. ఆ జమానత్ ఇస్తే పోలీసు అధికారి వదిలిపెట్టాల్సిందే. అట్లా రాయనిది నాన్‌బెయిలబుల్. కోర్టుల వరండాల్లో ఎన్‌బీడబ్ల్యూ అని నోటికి వచ్చేది ఇదే. ఒక చిన్న రాత ఉండటం, లేకపోవడం మధ్యనే ఇల్లూ జైలూ ఉన్నాయి.

సుప్రీంకోర్టు ఈ తేడాను పదే పదే గుర్తు చేసింది. ఉత్తరాంచల్ నుంచి వచ్చిన ఒక కేసులో 2007 అక్టోబర్‌లో మెట్లు చెప్పింది. ప్రైవేటు ఫిర్యాదు మీద నడిచే కేసుల్లో మొదట సమన్లు, ఫిర్యాదు ప్రతితో సహా. తప్పించుకుంటున్నాడని తేలితే బెయిలబుల్ వారంటు. దానికీ రాకుండా కావాలనే తిరుగుతుంటేనే నాన్‌బెయిలబుల్. మనిషి తనంతట తాను రాడని నమ్మడానికి కారణం ఉండాలి, లేదా పోలీసులకు దొరకని పరిస్థితి ఉండాలి, లేదా వెంటనే అదుపులోకి తీసుకోకపోతే ఇంకొకరికి హాని చేస్తాడన్న భయం ఉండాలి. ఇవేవీ లేకుండా స్వేచ్ఛ హరించొద్దని కోర్టు చెప్పింది. 2022 జులైలో సీబీఐకి సంబంధించిన కేసులో మరో అడుగు ముందుకు వేసింది. ఏడేండ్లలోపు శిక్ష పడే నేరాల్లో చార్జిషీటు తర్వాత మొదట సమన్లు పంపాలని, లాయరు ద్వారా హాజరు కావడానికీ అవకాశం ఉండాలని చెప్పింది. ఎన్‌బీడబ్ల్యూ వచ్చినా అది అమలు కాకముందే 'తదుపరి పేషీకి వస్తాను' అని హామీ ఇచ్చి పిటిషన్ పెట్టుకుంటే, మనిషి స్వయంగా నిలబడాలని పట్టుబట్టకుండానే దాన్ని రద్దు చేయవచ్చని కూడా చెప్పింది. 2024 మేలో ఉత్తరప్రదేశ్ కేసులో మళ్లీ అదే మాట: ఎన్‌బీడబ్ల్యూలు అలవాటుగా ఇచ్చేవి కావు.

ఒకే మాటను పదిహేడేండ్ల పాటు చెప్పాల్సి వచ్చిందంటే కింద ఏం జరుగుతున్నదో చెప్పకనే చెప్పినట్టు. ఒక్కో మేజిస్ట్రేట్ కోర్టులో రోజుకు పదుల కేసులు పిలుస్తారు. పేరు మూడుసార్లు పిలుస్తారు. మనిషి లేడు, లాయరు ఇంకో కోర్టులో ఉన్నాడు. డాకెట్ మీద 'ఎన్‌బీడబ్ల్యూ జారీ' అని రాసి తర్వాతి కేసు పిలుస్తారు. బస్సు రాలేదా, తల్లి దవాఖానలో ఉందా, సమన్లు అసలు ఇంటికి చేరాయా అన్న విచారణకు తీరికేదీ? ఒకే వాక్యం, అందరికీ అదే వాక్యం. చట్టం అడిగిన 'కారణాలు' అందులో ఎక్కడున్నాయి?

ఆ ఒక్క వాక్యం ఎవరి బతుకులో ఏం చేస్తుందో చూద్దాం. ప్రభుత్వ ఉద్యోగి 48 గంటలకు మించి కస్టడీలో ఉంటే సస్పెండ్ అయినట్టే లెక్కించాలని సర్వీసు నిబంధనలు చెబుతున్నాయి. వరుస సెలవుల ముందు సాయంత్రం వారంటు అమలైంది. షూరిటీలు దొరకలేదు. కోర్టు తెరిచేసరికి 48 గంటలు దాటాయి. సమ్మెలో ధర్నా చేసిన పాపానికి నమోదైన చిన్న కేసు, ఒక్క పేషీ తప్పినందుకు ఇరవై ఏండ్ల సర్వీసు మీద మచ్చ అయింది. విద్యార్థి సంగతి వేరు కాదు. కొలువు వచ్చినప్పుడు నింపే అటెస్టేషన్ ఫారంలో 'ఎప్పుడైనా అరెస్టయ్యారా' అని అడుగుతారు. అవునని రాస్తే ఒక తంటా, రాయకపోతే ఇంకా పెద్ద తంటా. గల్ఫ్ కార్మికుని పాస్‌పోర్టు సంగతి తెలుసా? కోర్టు వారంటో సమన్లో ఇచ్చినట్టు తెలిస్తే పాస్‌పోర్టును జప్తు చేసే అధికారం 1967 నాటి పాస్‌పోర్టు చట్టం అధికారులకు ఇచ్చింది. అప్పు చేసి వీసా కొనుక్కున్న మనిషికి ఇది జైలు కంటే తక్కువ శిక్షేమీ కాదు.

దేశంలో జైళ్ల లెక్క కూడా ఇదే చెబుతుంది. 2022 చివరినాటికి జైళ్లలో 5,73,220 మంది ఉంటే అందులో 4,34,302 మంది విచారణ ఖైదీలే. నూటికి డెబ్బై అయిదు మందికి పైగా నేరం రుజువు కాకుండానే లోపల ఉన్నవాళ్లు. వీళ్లంతా వారంటు మీద వచ్చినవాళ్లని మేం అనడం లేదు. అయితే జమానత్ ఇచ్చేవాడు లేకపోతే చిన్న కారణం కూడా జైలు దాకా తీసుకుపోతుందని ఈ లెక్క చెబుతున్నది.

ఇంకో పక్క కూడా చూడాలి. న్యాయమూర్తుల ఇబ్బంది అబద్ధం కాదు. నిందితుడు రాకుంటే కేసు కదలదు. కేసు కదలకుంటే బాధితులకు న్యాయం దొరకదు. అట్రాసిటీ కేసు పెట్టిన దళితవాడ మనిషి, వరకట్న వేధింపుల కేసు పెట్టిన ఆడబిడ్డ, మోసపోయిన చిన్న మదుపరి ఎన్నేండ్లని తిరగాలి? వారంటు అన్న ఆయుధం కోర్టుకు ఉండాల్సిందే. ఉండాలి కాబట్టే అది మొద్దుబారకుండా చూసుకోవాలి. ఇప్పుడు జరుగుతున్నదేమిటి? పలుకుబడి ఉన్నవాని వారంటు 'ఆచూకీ లేదు' అన్న రాతతో తిరిగి వస్తుంది. ఆచూకీ లేని ఆ మనిషి మరునాడే సభలో దండలు వేయించుకుంటాడు. దొరికేది ఎప్పుడూ ఇంట్లో పడుకున్న పేదోడే. అందుకే రక్షణలు నిందితుని కోసమే అనుకోవద్దు. బాధితుని కోసం కూడా.

2011 తీర్పులోని నియమాలు రెండు వైపులా పదునున్నవి. వారంటు అచ్చు ఫారం మీద ఉండాలి, దానికి వరుస నంబరు ఉండాలి. కోర్టు ముద్ర, అధికారి పేరు స్పష్టంగా ఉండాలి. ఏ తారీఖులోగా తిరిగి రావాలో రాయాలి. ఎక్కువ గడువు ఇవ్వొద్దు, ఎందుకంటే వారంటు పోలీసుల చేతిలో ఎక్కువ రోజులు ఉంటే దుర్వినియోగమవుతుందని కోర్టే అన్నది. కోర్టులో రిజిస్టరు ఉండాలి, ఠాణాలోనూ ఉండాలి. గడువు నాటికి ఏం చేశారో నివేదిక అడగాలి. అంటే పలుకుబడి గలవాడు దొరకలేదని రాసే అధికారి కోర్టుకు సంజాయిషీ ఇవ్వాలి. ఇక రద్దయితే ఆ ఉత్తర్వు ఫైలులో, రిజిస్టరులో ఎక్కించాలి. ఠాణాకు పంపి వారంటును వెనక్కి తెప్పించాలి. నిందితునికీ ఒక ప్రతి ఇవ్వాలి. ఆ ఒక్క ప్రతి ఉంటే ముంబై న్యాయవాది జెండా పండుగను ఇంట్లోనే చేసుకునేవాడు.

2025 మేలో ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన ఒక కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాట ఈ కాగితం విలువను ఇంకా పెంచింది. వారంటు మీద అరెస్టు చేసినప్పుడు ఆ వారంటే అరెస్టుకు కారణం, దాన్ని చదివి వినిపిస్తే చాలు అన్నది. అయితే ఆ కాగితం ఎంత జాగ్రత్తగా పుట్టాలి? రద్దయిన కాగితాన్ని చదివి వినిపిస్తే అది ఏ కారణమవుతుంది?

మేం అడుగుతున్నది గొంతెమ్మ కోరికలు కాదు. చట్టంలో ఉన్నవే అడుగుతున్నాం.

ఒకటి, ఎన్‌బీడబ్ల్యూ ఇచ్చిన ప్రతి డాకెట్ మీద కారణం కనిపించాలి. సమన్లు ఎప్పుడు అందాయి, బెయిలబుల్ వారంటు ఎందుకు సరిపోలేదు అన్న రెండు వాక్యాలైనా ఉండాలి.

రెండు, రద్దు ఉత్తర్వు అదే రోజు ఠాణాకు చేరాలి. బెయిలు ఉత్తర్వులు జైళ్లకు ఆలస్యంగా చేరుతున్నాయని 2022 మార్చి 31న అప్పటి ప్రధాన న్యాయమూర్తి, మన తెలుగువాడైన ఎన్.వి. రమణ ఫాస్టర్ అనే ఎలక్ట్రానిక్ పద్ధతిని ప్రారంభించారు. సుప్రీంకోర్టు ఉత్తర్వు నిమిషాల్లో జైలుకు పోగలిగినప్పుడు, మేజిస్ట్రేట్ కోర్టు రద్దు ఉత్తర్వు పక్క వీధిలోని ఠాణాకు పోవడానికి వారాలెందుకు?

మూడు, కొత్త చట్టం సమన్ల కోసం ఫోన్ నంబర్లు, చిరునామాలతో రిజిస్టరు పెట్టమన్నది. ఆ నంబరుకు పేషీకి రెండు రోజుల ముందు తెలుగులో ఒక సందేశం పంపండి. సగం ఎన్‌బీడబ్ల్యూలు పుట్టకుండానే పోవచ్చు.

నాలుగు, ఉద్యమ కేసుల్లో ఏవి నిజంగా మూతపడ్డాయో, ఏవి ఇంకా కోర్టుల్లో ఉన్నాయో రాష్ట్ర ప్రభుత్వం జిల్లాలవారీగా జాబితా ప్రకటించాలి. జైకొట్టించుకున్నవాళ్లకు ఈ మాత్రం బాధ్యత ఉండాలి.

ఇది పాలకుల పని, కోర్టుల పని. మన పని కూడా కొంత ఉంది. వారంటు అని పోలీసులు వస్తే కాగితం చూపమని అడగండి. అందులో ఏముందో చెప్పడం, అడిగితే చూపడం వాళ్ల విధి. 77వ సెక్షన్ అదే చెబుతుంది. ప్రయాణ సమయం పోను 24 గంటల్లో కోర్టు ముందు పెట్టాలని 78వ సెక్షన్ చెబుతుంది. వేరే జిల్లాలో పట్టుకుంటే, వారంటు ఇచ్చిన కోర్టు 30 కిలోమీటర్ల లోపల లేదా ఇంకా దగ్గరగా లేకపోతే, స్థానిక మేజిస్ట్రేట్ దగ్గరికో, పోలీసు పెద్ద అధికారి దగ్గరికో తీసుకుపోవాలి. భివండీలో మగ్గం నేసే మనిషి ఇది గుర్తుపెట్టుకోవాలి. పేషీకి పోలేని రోజు లాయరుతో మినహాయింపు పిటిషన్ వేయించండి. పాతవాళ్లు 317 పిటిషన్ అనేది ఇదే, ఇప్పుడు 355. వారంటు వచ్చిందని తెలిస్తే ఊరు విడిచి పారిపోవద్దు. పారిపోతే తర్వాతి మెట్టు పరారీ ప్రకటన, ఆపైన ఆస్తి జప్తు. ముందుగానే పోయి రీకాల్ చేయించుకోండి, ఉత్తర్వు ప్రతి అడిగి తీసుకుని జేబులో పెట్టుకోండి. లాయరు ఫీజు లేదంటారా? ఎస్సీ, ఎస్టీలకు, ఆడవాళ్లకు, కస్టడీలో ఉన్నవాళ్లకు, ఆదాయం తక్కువ ఉన్నవాళ్లకు ఉచితంగా న్యాయవాదిని ఇవ్వాలని 1987 నాటి న్యాయసేవల చట్టం చెబుతుంది. 15100కు ఫోన్ చేయండి. చదువుకున్న విద్యార్థులు తమ ఊరిలో ఎవరి కేసు ఏ తారీఖున ఉందో ఈ-కోర్ట్స్ యాప్‌లో చూసి చెప్పండి. పోస్టర్ అంటించినంత పని కూడా కాదు ఇది.

ఉద్యమం మనకు నేర్పిందేమిటి? హక్కు అడిగితేనే వస్తుంది. వచ్చినదాన్ని కనిపెట్టుకుని ఉంటేనే నిలుస్తుంది. పౌరుని చేతికి బేడీ వేసే ముందు న్యాయాధికారి ఒక్క నిమిషం ఆగి ఆలోచించాలన్నది మన చట్టం. ఆ ఒక్క నిమిషం కోసమే ఈ అడగడం. ఆ నిమిషం దొరకని దేశంలో ఆగస్టు 15 క్యాలెండర్‌లో ఎర్ర అంకెగానే మిగిలిపోతుంది.